గొట్టంలో గుడ్డ

కమోడ్‌ను రెండు చేతులా కావలించుకుని ఎత్తి, పక్కన పరిచిన గోనెపట్టా మీద దించాడు ప్లంబరు. దాన్ని నేలకు పట్టి ఉంచే ఫ్లాంజ్ ఒకవైపు విరిగిపోయింది. తుప్పుపట్టిన బోల్టు ఊడబోయే పన్నులా ఊగుతోంది. ముప్పై ఏళ్ల అలవాటు ప్రకారం మురుగు గొట్టం నోట్లో గుడ్డ కుక్కాడు. వాసన రాదు, మరలు లోపల పడవు.

ఆ గుడ్డంటేనే ఇప్పుడతనికి భయం. పోయిన నెల ఒకరింట్లో దాన్ని తీయకుండానే కమోడ్ బిగించి వచ్చేశాడు. మర్నాటికి మురుగు వాళ్ల పడకగది దాకా వచ్చింది. ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు.

ఇవాళ పని అక్క ఇంట్లో. ఆవిడ గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది.

"లోకంలో అందరిళ్లూ బాగుచేస్తావు. నా ఇంటికి రావడానికే నీకు ముహూర్తం కుదరదు."

"వచ్చాగా అక్కా."

"రెండు నెలలు ఆ కమోడ్ నన్ను ఉయ్యాలూపాక వచ్చావు."

పాత ఫ్లాంజ్ ఊడదీసి, అంచులు గీకి, కొత్తది నాలుగు మరలతో బిగించాడు. నీళ్లు కారకుండా మైనపు రింగు పెట్టి, కమోడ్ దించి, బరువంతా వేసి దానిమీద కూర్చున్నాడు. ఒక నట్టు బిగించాడు. రెండో దాని దగ్గర చేయి ఆగింది.

గుడ్డ తీశానా?

గుడ్డ ఉన్న గొట్టం, లేని గొట్టం, రెండూ కళ్లముందు కనిపిస్తున్నాయి. ఏది ఇవాళ్టిదో తెలియలేదు. నట్టు విప్పి మళ్లీ ఎత్తాడు. నలిగిన మైనం సాగి తెగింది.

గొట్టం ఖాళీగా ఉంది.

"ఏం వెతుకుతున్నావురా?"

"గుడ్డ."

"నీ భుజం మీదుందిగా. ‘తీశాను, చూడక్కా’ అని నాకు చెప్పావు కూడా."

భుజం తడుముకున్నాడు. తడిగుడ్డ చేతికి తగిలింది. నవ్వబోయిన అక్క అతని ముఖం చూసి ఆగిపోయింది.

"నాన్నకీ ఇలాగే మొదలైంది కదక్కా. ఆఖరికి మన గుమ్మమే గుర్తుపట్టలేదు."

ఆవిడ లేచివచ్చి తడినేల మీదే అతని పక్కన చతికిలబడింది.

"ఇంకో రింగుందా?"

"ఉంది."

"పెట్టు. నేను చూస్తుంటా."

ఈసారి ఒక్కో పనీ పైకి చెబుతూ చేశాడు. ప్రతిదానికీ ఆవిడ "ఊఁ" అంది. రసమట్టాన్ని కమోడ్ అంచు మీద పెట్టి, వాలు లేకుండా చూసుకుంటూ నట్లు బిగించాడు. నీళ్లు వదిలితే గలగలా పోయాయి. చుట్టూ చుక్క కారలేదు.

చేతులు కడుక్కుని, తనకు పనులు చెప్పే ప్లంబింగు సామాన్ల దుకాణానికి ఫోన్ చేశాడు. రేపట్నుంచి తనకు పనులేవీ చెప్పొద్దన్నాడు. ఎందుకని వాళ్లు అడుగుతుండగానే పెట్టేశాడు.

గేటు దాటబోతుంటే అక్క వెనకనుంచి పిలిచింది.

"రసమట్టం మర్చిపోయావురా."

"మర్చిపోలేదక్కా. ఉండనీ."

ఆవిడ లోపలికి వెళ్లి చూసింది. కమోడ్ అంచు మీద రసమట్టం పెట్టినచోటే ఉంది. ఆకుపచ్చ నీళ్లలో బుడగ, రెండు గీతల నడుమ, కదలకుండా.