పెరటాసిలో మాచా డబ్బా

గోవిందుడికి మొక్కులు తీర్చే అరవ నెల పెరటాసి వచ్చిందంటే నా మొగుడు దామోదరాన్ని పట్టలేం. మిగతా పదకొండు నెలలూ కోడికూర లేనిదే ముద్ద దిగని మనిషి, ఆ నెల మొదటి రోజున గుడ్లు పెట్టే బుట్టను కూడా కడిగించి అటక ఎక్కిస్తాడు. ప్రతి శనివారం నామం పెట్టుకుని, ఇత్తడి చెంబుకూ నామం దిద్ది, మా ఊరు నగరి వీధుల్లో గోవిందా అంటూ పిడికెడు పిడికెడు బియ్యం అడుక్కొస్తాడు. ఆ బియ్యం వండి, స్వామి ముందు అన్నం కుప్పగా పోసి తళిగ వెయ్యాలి. అది వాళ్ళ తాతల నాటి మొక్కు. మొక్కు మీద నాకు కోపం లేదు, స్వామి మీద అసలే లేదు. కోపమంతా ఈ మనిషి మీద, ఆ తర్వాత నా మీద.

ఈ ఏడు నెల మొదలు కాకముందే ఆయనకు నీరసం భయం పట్టుకుంది. కోడి లేకుండా ముప్పై రోజులు మరమగ్గాల మధ్య నిలబడాలి కదా! స్నేహితుడు ఆదిమూలం ఉపాయం చెప్పాడు. తిరుపతిలో మాచా ప్రోటీన్ అని దొరుకుతుందట.

"జపానోళ్ళు తాగే టీ ఆకు పొడి అబ్బా. అంతా ఆకే. కోడి తిన్నంత బలం," అన్నాడట.

మర్నాడే మూరెడు డబ్బా ఒకటి మా వంటింట్లో దిగింది. డబ్బా పచ్చ, మూత పచ్చ, మీద ఆకుల బొమ్మ పచ్చ, లోపల పొడీ పచ్చ. ఇంకేం చూస్తాం?

మొదటి రోజు టీపొడే కదా అని పాలల్లో వేసి మరిగించాను. విరిగి ఉండలు కట్టింది.

"ఏమ్మే, ఇది షేకా, పేడనీళ్ళా?" అని గ్లాసు తోసేశాడు.

తర్వాత ఫోన్‌లో చూసి నేర్చుకున్నాను. పొడిని పిండి జల్లెడలో జల్లించాలి. గోరువెచ్చని నీళ్ళు కొంచెం పోసి, నురుగు వచ్చేదాకా కవ్వంతో చిలకాలి. ఆపైన చల్లటి పాలు, ఒక అరటిపండు వేసి మిక్సీలో తిప్పాలి. ఉండ తగిలితే ఊరుకోడు. గ్లాసు చేతికిస్తే ముందు స్వామి పటానికి చూపించి, కళ్ళకద్దుకుని, గడగడ తాగేవాడు. శనివారం ఉపవాసం నాడు కూడా మానలేదు. "ఆకు రసమే కదా, దోషం లే," అనేవాడు.

నా కూతురు మోనికకు ఇరవై రెండేళ్ళు. కానిస్టేబుల్ ఉద్యోగానికి రాతపరీక్ష ఒకటి నెగ్గింది. పరుగు పరీక్ష చిత్తూరులో, సరిగ్గా పెరటాసి మూడో వారంలో పడింది. పిల్లకు రక్తం తక్కువ. పరుగు నేర్పే జెస్సీ మేడం రోజూ గుడ్లు తినమని గట్టిగా చెప్పింది.

"నాయనా, పెరట్లో పొయ్యి పెట్టి నేనే ఉడకేసుకుంటా. వంటింట్లోకి తేను," అని అడిగింది.

"చెంబు పట్టే ఇంట్లో గుడ్డా? నోరు కడుక్కో పో."

"అయితే ఆ షేకన్నా ఒక గ్లాసు ఇయ్యి నాయనా."

"అది మొగోళ్ళు తాగేది. ఆడపిల్లకి కండలొస్తే ఎవుడు చేసుకుంటాడు?"

పోలీసుకు కండలు వద్దా అని నేను అడగాల్సింది. అడగలేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారు. మా ఇంట్లో ఆ అడుక్కునే చెంబు కూడా ఆయన చేతిలోనే ఉంది.

ఆయన్ని అని ఏం లాభం? నేను చేసింది వినండి. రెండో శనివారం పొద్దున పెరట్లో పుల్లల వాసన వస్తే వెళ్ళి చూశాను. మోనిక పాత గిన్నెలో రెండు గుడ్లు ఉడకబెట్టుకుని పెంకు ఒలుస్తోంది. నాకు ఒళ్ళు మండింది.

"తళిగ నాడా! కొంప ముంచుతావా పాపా?" అని చేతిలోవి లాక్కుని మురిక్కాలవలో విసిరేశాను.

అది కాలవలోకి ఒకసారి చూసి, బూట్లు కట్టుకుని, ఖాళీ కడుపుతో మైదానానికి పోయింది. నేను లోపలికొచ్చి స్వామి ముందు చెంపలు వేసుకుని, ఆయన షేక్ కోసం జల్లెడ తీశాను.

పరుగు నాడు నేనూ చిత్తూరు వెళ్ళాను. నాలుగు చుట్లు తిరగాలి. మూడు చుట్లు మోనిక ముందు గుంపులోనే ఉంది. నాలుగో చుట్టు సగంలో కాళ్ళు తడబడ్డాయి. పడలేదు, ఆగలేదు, కానీ వెనకపడుతూనే వచ్చింది. తొమ్మిది సెకన్లు ఆలస్యం, పరీక్ష తప్పింది. మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో ఎవరికీ తెలియదు. బస్సులో కిటికీకి తల ఆనించి ఒక్క మాటే అంది: "కాళ్ళు నా మాట ఇన్లేదు మా."

ఇంటికొస్తే ఆయన, "ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకని ముందే చెప్తి కదా," అన్నాడు.

ఆఖరి శనివారానికి మాచా డబ్బా ఖాళీ అయింది. మా ఇంట్లో ఏ డబ్బానూ పారేయం. కందిపప్పు పోసుకుందామని నీళ్ళలో నానబెట్టి, మీది కాగితాలు గోకుతున్నాను. ధర చీటీ ఊడి వచ్చింది. దాని కింద చిన్న గోధుమరంగు గుర్తు.

నాకు ఇంగ్లీషు రాదు. కానీ ఆ గుర్తు తెలుసు. పచ్చది ఉంటే శాకాహారం, గోధుమరంగు ఉంటే కాదు. పెరటాసిలో బిస్కెట్ పొట్లం కొన్నా తిప్పి చూసేదాన్ని, ఈ డబ్బాను మాత్రం చూడలేదు. మోనికను పిలిచి చదవమన్నాను. అది వేలు పెట్టి సన్నక్షరాలు చదివింది.

"గుడ్డు తెల్లసొన పొడి అని ఉండాది మా."

నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. నెల పొడుగునా నా చేత్తో జల్లించి, చిలికి, ఆయనకు గుడ్లు తాగించాను. ఆయన వాటిని స్వామికి చూపించి తాగాడు. నా బిడ్డ నోటి దగ్గరి రెండు గుడ్లు మాత్రం కాలవపాలు చేశాను.

ఆయన నిండు చెంబుతో వచ్చాడు. నేను డబ్బా ముందు పెట్టి, మోనిక చేత మళ్ళీ చదివించాను. ఆయన చెంబు దించి, పటం వైపు తిరిగి, మూడుసార్లు చెంపలు వేసుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"తెల్వక చేసినదానికి దోషం లే. స్వామికి తెల్దా? తళిగ వెయ్యి, పొద్దు పోతాంది."

అంతే! అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. తన తప్పు కడుక్కోవడానికి మూడు చెంపదెబ్బలు చాలాయి ఆయనకు. కూతురి వైపు చూడను కూడా చూడలేదు.

అన్నం కుప్ప పోసి, ఆయన వెలిగించడానికి పిండిదీపం చేసి ఉంచాను. పని ముగించి, వీధి చివర అంగడికి వెళ్ళి నాలుగు గుడ్లు కొనుక్కొచ్చాను. పెరట్లో పుల్లలు రాజేస్తుంటే ఆయన గడపలో నిలబడి కేకలేశాడు.

"మొక్కు చెడతాది మే!"

"నెల దినాలు గ్లాసుల్తో తాగితే చెడని మొక్కు ఈ రోజు చెడతాదా? నువ్వు పోయి దీపం ఎలిగించుకో పో," అన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనకు అలా ఎదురు చెప్పడం అదే మొదలు. ఆయన గొణుక్కుంటూ లోపలికి పోయాడు.

గుడ్లు ఒలిచి, ఉప్పు మిరియాలు చల్లి, పళ్ళెంలో మోనిక ముందు పెట్టాను. అది వాటిని చాలాసేపు చూసింది. పళ్ళేన్ని మెల్లగా నా వైపు జరిపింది.

"ఇప్పుడెందుకు మా? పరుగు అయిపాయ కదా."

లోపల ఆయన దీపం వెలిగించి "గోవిందా" అని పెద్దగా అన్నాడు. ఆ మాటకు ఇంట్లో ఉన్నవాళ్ళంతా బదులు పలకాలి. మోనిక అలవాటు కొద్దీ "గోవిందా" అంది. నాకు నోరు పెగల్లేదు.