ఉస్తాద్‌కు ఉలులు

జమ్మలమడుగులో ఇనాయతుల్లా ఉండే వీధిలో పాలు పోసే మనిషి ప్రతి గడప ముందూ ఆగి, "ఈ పొద్దు నీళ్లు కొంచెం ఎక్కువే పడినాయి" అని గొణుక్కుంటాడు. అట్లా అంటేగానీ తలుపు తెరుచుకోదు. ఆ వీధి తలుపులన్నీ ఇనాయతుల్లా చేసినవే. మనసులో అబద్ధం పెట్టుకొని వచ్చినవాళ్లను అవి రానివ్వవు. చెప్పేస్తే రానిస్తాయి. పేకాట ఆడి వచ్చిన మొగుళ్లు గడపలో నిలబడి ఒప్పుకొనేవి విని విని ఆడవాళ్లకు విసుగు కూడా పుట్టింది.

సలీం ఆ ఉస్తాద్ దగ్గరే ఉలి పట్టడం నేర్చుకున్నాడు. పోయిన నెల పులివెందులలో పెద్ద ఫర్నిచర్ షాపు తెరిచాడు. ప్రారంభానికి ఇనాయతుల్లా ఉతికిన లుంగీ కట్టుకొని వచ్చాడు. పని యాడ నేర్చినావని ఒక బిల్డరు అడిగితే సలీం బెంగళూరన్నాడు. పక్కనున్న ముసలాయన ఎవరంటే, "మా పనోడే" అన్నాడు. ఆ మాట విన్న ఇనాయతుల్లా కాసేపటికి వచ్చినవాళ్లకు టీ గ్లాసులు అందించడం మొదలుపెట్టాడు. అది తలుచుకున్నప్పుడల్లా సలీంకు అన్నం సయించేది కాదు.

మంచి పనిముట్లు కానుకిచ్చి ఆ మాట మాపుకుందామని ప్రొద్దుటూరు పోయాడు. కొట్టాయన ఎవరికని అడిగాడు. దాన్ని బట్టే సరుకు తీస్తాడాయన. ఉస్తాద్‌కని నోటిదాకా వచ్చింది. కానీ పులివెందులవాళ్లు ఇద్దరు పక్కనే మేకులు కొంటున్నారు. షాపులో పనోడికన్నాడు. కొట్టాయన లోపలి బీరువా జోలికి పోకుండా, ఎర్ర ప్లాస్టిక్ పిడులతో తళతళలాడే ఉలులూ రంపమూ ఉన్న పెట్టె తీసి ముందు పెట్టాడు. ఆ ఉక్కుకు పదును నిలవదని సలీంకు చూడగానే తెలిసింది. అయినా సంచిలో వేయించుకున్నాడు. సిగ్గుమాలిన పని రెండోసారి అంత కష్టమనిపించదు కాబోలు.

జమ్మలమడుగులో బస్సు దిగి ఆ వీధిలోకి పోయేసరికి ఇనాయతుల్లా తన ఇంటి అరుగు మీద పడుకొని ఉన్నాడు. పక్కన చెంబు, దుప్పటి. ఆయన భార్య సైదున్నీసా అక్కడే చేటలో బియ్యం ఏరుతోంది.

"నెలనుంచి ఈడనే పండుకుంటాండాడు సలీమా" అంది. "తలుపు రానీలేదు. ఏం దాచినావంటే చెప్పడు. నీ షాపు కాడ్నుంచి వచ్చినప్పట్నుంచీ ఇంతే. నువ్వు ముందు కుర్చీలో కూచోబెట్టి శాలువా కప్పినావని ఎంత మురిసిపోతా చెప్పినాడో."

సలీం సంచిలోంచి పెట్టె తీసి ఉస్తాద్ ముందు పెట్టాడు. ఇనాయతుల్లా అతని మొహం చూడకుండా పెట్టె తెరిచి, ఒక ఉలి తీసి బొటనవేలితో అంచు తాకి చూశాడు.

"శానా బాగుండాయప్పా. మేలైనవే ఏరినావు" అన్నాడు.

ఈ రాత్రి కూడా ఆయన పడక అరుగు మీదేనని సలీంకు అర్థమైంది. తన పరువు కోసం ఆయన సొంత ఇంటికే కానివాడయ్యాడు. సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది. ఎదురింటి గడపలో జనం ఉన్నారు, చూస్తున్నారు. చూడనీ అనుకున్నాడు.

"శాలువా లేదు, కుర్చీ లేదు" అన్నాడు సైదున్నీసాతో. "అందరి ముందర పనోడన్నా. టీలు అందిస్తాంటే చూస్తా నిలబడినా. ఈ ఉలులు కూడా పనోడికనే కొన్నా. మంచివి కావు. ఆ సంగతి ఆయనకూ తెలుసు."

మూసి ఉన్న తలుపు మెల్లగా తెరుచుకుంది.

సైదున్నీసా చేట పక్కన పెట్టి మొగుడి చెయ్యి పట్టుకొని లేపింది. గడప దాటుతూ ఇనాయతుల్లా వెనక్కి తిరిగి, అన్నం తిందువు రమ్మన్నాడు.

తలుపు సలీంకూ తెరిచే ఉంది. కానీ లోపలికి పోవడానికి అతనికి మొహం చెల్లలేదు. ఉస్తాద్ దుప్పటి మడతపెట్టి, ఆయన నెలంతా పడుకున్న చోటే కూర్చున్నాడు. లోపల గిన్నెల చప్పుడు వినిపించింది.

కాసేపటికి ఇనాయతుల్లా రెండు కంచాలు పట్టుకొని మళ్లీ బయటికి వచ్చాడు. ఒకటి సలీం ముందు పెట్టి, రెండోదానితో అతని పక్కనే కూర్చున్నాడు.