మడత లోపలి తెలుపు

“చీరలు మడవట్లా? ఇదీ అంతే,” అన్నాడు కిషోర్ బాబు, రెండు వందల కాగితాలు తెచ్చి వంటగది గట్టు మీద పెడుతూ.

అంతే మరి. ఒక్క వైపు అచ్చేసిన కాగితాన్ని ఎనిమిది గళ్ళుగా మడిచి, నడిమధ్య కత్తెరతో ఒక్క గాటు పెట్టి, గ్లాసు అడుగుతో రుద్దితే అరచేతిలో పట్టే బొమ్మల పుస్తకం. సూళ్ళూరుపేటలో బొమ్మలు గీసేవాళ్ళు దాన్ని జీన్ అంటారు. తడ దాటితే తమిళనాడే గనక, ఏడాదికోసారి ఇటు నెల్లూరు వాళ్ళూ అటు మద్రాసు వాళ్ళూ వచ్చి, కల్యాణ మండపంలో బల్లలేసుకుని, ఒకరివి ఒకరు కొనుక్కుని, ఒకరినొకరు పొగుడుకుని పోతారు.

వాళ్ళలో కిషోర్ బాబు పెద్ద తలకాయ. పులికాటు సరస్సు ఒడ్డున ఆయన బొమ్మ గీస్తుంటే కొంగలన్నీ ఒంటికాలి మీద నిలబడిపోయి చూశాయట. కొంగలు మామూలుగానే అలా నిలబడతాయని పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆనందకుమారి ఒక్కసారీ అనలేదు. ఈసారి ఆయన జీన్ ‘ఇంటి చేతులు’. ఆడవాళ్ళ చాకిరీ మీద. పేజీ పేజీకీ ఆమె చేతులే. అంట్లు తోముతూ, అత్త కాళ్ళు పిసుకుతూ, రొయ్యల కంపెనీలో మంచుగడ్డల మధ్య తలలు తీస్తూ. ముఖం ఒక్కచోటా లేదు.

“ముఖం గీస్తే నువ్వనుకుంటారు. చేతులైతే స్త్రీజాతి,” అన్నాడు.

చివరి పేజీ మూలన, మడిచింది ఆనందకుమారి అని చిన్నగా వేయమని ఒక్కసారి అడిగింది. ఆయన తల్లిని పిలిచాడు. “అమ్మా, ఇన్నావా? మడిచినోళ్ళ పేరేస్తే కత్తెర సానబట్టినోడి పేరు గూడా ఎయ్యాల.”

రాఘవమ్మ మంచం మీద నుంచే అందుకుంది. “ఎయ్‌రా. అన్నం మాడ్చింది ఆనందకుమారి అని ఎయ్.”

తల్లీకొడుకులు ఎంత నవ్వారంటే, పొయ్యి మీది పాలు కూడా ఆపుకోలేక పొంగాయి. తుడిచింది ఆమే.

అప్పటికి ఆమెకు మూడో నెల. కంపెనీలో తడినేల మీద పది గంటలు నిలబడి, బస్సు దిగి వచ్చి, వంట చేసి మడిచేది. నాలుగో రోజున కడుపు పోయింది. ఆస్పత్రి నుంచి ఆయనే ఆటోలో తీసుకొచ్చాడు. మెత్తగా దిండు ఆనించి కూర్చోబెట్టాడు. ఒళ్ళో పీట పెట్టాడు. పీట మీద, మిగిలిన కాగితాలు.

“కూచోని జేసే పనే గదా. మనసు గూడా తేలికపడద్ది.”

“మరకలు పడనీబాక, తెల్లకాయితాలు,” అంది రాఘవమ్మ.

ఆనందకుమారి ఒక కాగితం తిప్పింది. వెనక వైపు ఏమీ లేదు. మడిస్తే ఆ తెలుపంతా లోపలికి పోతుంది, విప్పితే తప్ప ఎవరికీ కనబడదు. కడుపులో ఉన్నదీ అంతేగా, ఎవరికీ కనబడకుండానే పోయింది. దిండు కింద నుంచి పెన్ను తీసింది. వాళ్ళు ఇప్పుడన్న మాటలు అన్నవి అన్నట్టే రాసి, మడిచింది. అంతకుముందు మడిచినవీ విప్పి రాసింది. తొమ్మిదేళ్ళ మాటలకు రెండు వందల కాగితాలు చాలక, కొన్నింటిలో రెండేసి ఇరికించింది. మడిచినవి సంచిలో వేసుకోవడమే ఆయన వంతు, విప్పడం ఎప్పుడూ లేదు.

మండపంలో కిషోర్ బాబు, బల్ల వెనక కూర్చున్న ఆమె చెయ్యి పట్టి జెండాలా పైకెత్తాడు. “ఈ చేతులే,” అన్నాడు. చప్పట్లు కొట్టారు. నెల్లూరు నుంచి వచ్చిన బొమ్మలు గీసే అమ్మాయి అబిగయీలు ఒక జీన్ కొని, ఆమె వైపు తిరిగింది.

“శానా బాగుండాదక్కా. నీకు ఏ పేజీ నచ్చింది?”

“ఆమెకేం తెలుసమ్మా, మడిచిందంతే,” అన్నాడాయన.

“లోపలిది,” అంది ఆనందకుమారి. “విప్పి చూడమ్మా.”

అబిగయీలు విప్పింది. చదివింది. పక్కామె చేతిలో ఉన్నది కూడా తీసుకుని విప్పింది. ఆ తర్వాత బల్ల బల్ల దగ్గరా కాగితాలు విప్పుతున్న చప్పుడు, “నీదాంట్లో ఏముండాది?” అని గుసగుసలు. కిషోర్ బాబు నవ్వుతూనే ఒకటి తీసి విప్పాడు.

కూచోని జేసే పనే గదా.

ఎవరూ చూడకముందే గబగబా తిరిగి మడవబోయాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఎలా మడవాలో ఆయనకు తెలియలేదు. కాగితం ఆమె ముందుకు చాపాడు.

ఆనందకుమారి చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.