ప్రార్థన అంశం

ఒత్తులు తప్పితే, వాక్యం కుంటితే మన్నించండి. యాభై తొమ్మిదో ఏట పలక పట్టినదాన్ని. ఈ నాలుగు కాగితాలకే పద్దెనిమిది రోజులు పట్టింది. ఇందులో 'ఆమె' అన్నచోటల్లా నన్నే అనుకోండి.

వాళ్ళింటి హాల్లోనే జరిగే ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ తాగి వదిలేసిన టీ కప్పులు ఆమె కడిగేది. ముప్పై ఆరు కప్పులు. కుర్చీలు మడిచి గోడకు చేర్చేది, చాపలు దులిపేది, పసిపిల్లలు తడిపినచోట తుడిచేది. ప్రసంగం చేసి అలిసిన పాస్టరు, ఆమె భర్త, నడుం వాల్చి, "ఇవాళ వాక్యం ఎలా ఉంది?" అని అడిగేవాడు. వాక్యం నడిచినంతసేపూ ఆమె వంటింట్లో నీళ్ళు మరగబెడుతూ ఉందని ఆయనకు తట్టేది కాదు. "బాగుందండీ" అనేది ఆమె.

దేశం కాని దేశం. మిషను వాళ్ళ నియామక పత్రంలో ఆయన చదువు గురించి ఆరు వరుసలున్నాయట. ఆమె గురించి ఒకటే మాట, 'సతీసమేతంగా'. ఆయనే చదివి వినిపించాడు. "పిలుపు నాకొచ్చింది. నువ్వు నాకు తోడుంటే చాలు, పెద్ద కష్టమేం కాదు" అన్నాడు. తోడుండడమంటే నీళ్ళ డబ్బాలతో మూడంతస్తులు ఎక్కడం, వచ్చినవాళ్ళకల్లా వండి వడ్డించడం, ఒంట్లో బాగాలేని వాళ్ళ గుడ్డలు ఉతికి పెట్టడం అని వెళ్ళాక తెలిసింది. "నాకూ నాలుగక్షరాలు నేర్పండి" అని ఒకసారి అడిగింది. "నేను చదివి చెప్తాగా, నీకెందుకా తిప్పలు?" అన్నాడు, ప్రేమగానే.

అక్కడి భాష ఆయనకు పుస్తకంలోంచి వచ్చింది, ఆమెకు బజారులోంచి వచ్చింది. ఆయన ఉల్లిపాయలడిగితే కొట్టువాడు న్యాయమూర్తి వచ్చాడేమో అన్నట్టు లేచి నిలబడ్డాడు. ఆమె బేరమాడితే మాత్రం నవ్వి, "నీతో వేగలేను తల్లీ" అని ఇంకో గుప్పెడు వేసేవాడు. అందుకే ఆడవాళ్ళు హాల్లో కూర్చోకుండా వంటింట్లోకే వచ్చేవాళ్ళు. కష్టం చెప్పుకోవడానికి బజారు భాషే బాగుంటుంది.

అలా వచ్చేవాళ్ళలో పై అంతస్తు కుట్టుపనామె ఒకతె. చెయ్యి ఖాళీగా ఉంచేది కాదు, మాట్లాడుతూనే ఆమె చీర అంచులు కుట్టిపెట్టేది. "అక్కా, మీ ఆయన దేవుడితో మాట్లాడతాడు, మా ఆయన చెప్పుతో మాట్లాడతాడు" అని నవ్వేది. ఆ నవ్వులో ఒక పన్ను ఉండేది కాదు. ఒక గురువారం తలుపు దగ్గరగా వేసి చెప్పింది.

"వచ్చే బుధవారం పిల్లని తీసుకుని మా పెద్దక్క దగ్గరికి వెళ్ళిపోతున్నా. ఆయన పనిలోకి వెళ్ళగానే. ఎవ్వరికీ తెలీదు. నాకోసం ప్రార్థన చెయ్యక్కా."

"నా నోరు దాటదు" అంది ఆమె.

శనివారం ఆయన కలం పట్టుకుని కూర్చున్నాడు. మన ఊళ్ళ సంఘాలకు నెలనెలా ఉత్తరం పంపాలి, దాంట్లో ప్రార్థన అంశాలు, అంటే ఎవరెవరి కోసం ఏమని ప్రార్థించాలో, ఉండాలి. "నీ దగ్గరికి వచ్చే ఆడవాళ్ళు ఏమంటున్నారు? చెప్పు, నీకు తెలిసినంత నాకు తెలీదు" అన్నాడు. ఆరేళ్ళలో ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి. కలం పక్కన పెట్టి, ఆమె మొహంలోకి చూస్తూ విన్నాడు. ఆ చూపు కోసమే ఆమె చెప్పింది. దేవుడికి చెప్పడానికే కదా, సంఘకాపరికి చెబితే తప్పేముంది అని తనకు తాను సర్దిచెప్పుకుంది. పెదవి దాటితే పృథివి దాటుతుందని వాళ్ళమ్మ ఎన్నిసార్లు చెప్పిందో!

మర్నాడు ఆరాధనలో ఆయన కళ్ళు మూసుకుని, గొంతు పెంచి ప్రార్థించాడు. "ఈ మేడలోనే ఒక సహోదరి బిడ్డతో ఇల్లు విడిచిపోవాలని చూస్తోంది ప్రభువా. ఆ కుటుంబాన్ని నిలబెట్టు." చివరి వరసలో కుట్టుపనామె మరిది కూర్చుని ఉన్నాడు. అతను ఆమేన్ అనలేదు. లేచి వెళ్ళిపోయాడు. వంటింటి గడపలో ఆమె చేతిలో టీ పళ్ళెం అలాగే ఉంది.

"అయ్యో, ఎంత పని చేశారండీ!" అంది అందరూ వెళ్ళాక.

"పేరు చెప్పానా? అయినా కాపురం నిలబెట్టమనడం తప్పా?"

బుధవారం ఆమె పైకి వెళ్ళింది. తలుపుకు బయట తాళం. తట్టింది. లోపల అడుగుల చప్పుడు దగ్గరికొచ్చి ఆగింది.

"నేనే, అక్కని..."

"తెలుసు. వెళ్ళిపో అక్కా. నాకోసం ఇంక ఏం చెయ్యకు."

నెల తిరక్కుండా వాళ్ళు ఇల్లు మారిపోయారు. ఎక్కడికో ఎవరూ చెప్పలేదు.

ఆయన పోయాక ఆమె వయోజన బడికి వెళ్ళింది. ఈమధ్య మిషను ఆఫీసు గుమాస్తా వచ్చాడు. అయ్యగారి ఉత్తరాలు పుస్తకంగా వేస్తున్నారట, భార్యగా ఆమె సంతకం కావాలి. "చదవక్కర్లేదు లెండమ్మా, అయ్యగారివేగా" అన్నాడు. వారం గడువడిగి, వేలు పెట్టి ఒక్కొక్క వరసే చదివింది. కుట్టుపనామె సంగతి జరిగిన మరుసటి నెల ఉత్తరంలో ఇలా ఉంది: 'నా భార్య మెలకువ వల్ల విడిపోవలసిన ఒక కుటుంబం నిలిచింది. స్తోత్రం.'

ఆరేళ్ళ ఉత్తరాల్లో ఆమె ఊసు ఉన్నది అక్కడ ఒక్కచోటే.

గుమాస్తా మళ్ళీ వచ్చి కాగితం చూసి కంగారు పడ్డాడు. "అయ్యగారి మాట కొట్టేశారా అమ్మా?"

"కొట్టెయ్యలేదు బాబూ. కింద రాశాను. అది లేకుండా వేసేట్టయితే నా సంతకం లేదు."

రాసింది ఇంతే: 'ఆ కుటుంబం నిలవలేదు. ఒక మనిషి బయటపడే దారి మూసుకుపోయింది. ఎవరికీ చెప్పనని మాటిచ్చి చెప్పింది నేను.'

పాస్టరమ్మ, అరవై ఎనిమిదేళ్ళు. చెల్లెలి ఇంట్లో, మేడ మీది గదిలో ఉంటున్నాను.