గోడ అవతలి ఫోను

మా జెరూషా జగ్గయ్యపేట నుంచి నందిగామకు రోజూ స్కూటీ మీద వెళ్ళి వస్తుంది. అక్కడ ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం. దారంతా హైవే, లారీలు. పిల్ల గేటు దాటిన దగ్గర్నుంచి తిరిగి వచ్చేదాకా నా చూపు ఆ గేటు మీదే ఉంటుంది. ఉద్యోగంలో చేరిన రోజే గట్టిగా చెప్పాను, రోడ్డు మీద ఎంత చిన్న దెబ్బ తగిలినా ఆ రోజుతో ఉద్యోగం మానేయాల్సిందేనని. "సరేలేమ్మా" అంది. అంతగా మనసులో పెట్టుకుంటుందని అనుకోలేదు.

మా ఆయన ప్రేమదాసు గారికి ఒక పాత స్టీరియో ఉంది. ఆంప్లిఫయరు, నా నడుమెత్తు స్పీకర్లు రెండు. క్యాసెట్లు పోయాక ఏళ్ళ తరబడి దాని మీద దుప్పటి కప్పి ఉంచాం. మొన్న ఎండాకాలం జెరూషా అగ్గిపెట్టంత డబ్బా ఒకటి తెచ్చి దాని వెనక తగిలించింది. ఇక వైరు లేకుండానే ఫోనులో పాట స్పీకర్లలోంచి వస్తుందని చెప్పింది. వైరు లేకుండా గాల్లో వచ్చేది మనుషుల ఒంట్లోంచి కూడా పోతుందేమోనని వారం రోజులు నేను ఆ గదిలో పడుకోలేదు.

తర్వాత ఆ డబ్బా మీదే ఆధారపడ్డాను. జెరూషా ఫోను ఇంటి దగ్గరికి రాగానే అది పసిగట్టేది. స్పీకర్లలో ఎవరో ఇంగ్లీషు ఆడమనిషి "కనెక్టెడ్" అనేది. బండికి స్టాండు వేయకముందే పిల్ల వచ్చేసిందని నాకు తెలిసిపోయేది. అందుకని ఆంప్లిఫయరును పగలంతా ఆపనిచ్చేదాన్ని కాదు. ఆయన కరెంటు గురించి ఎంత సణిగినా వినలేదు.

ఆ మంగళవారం ఆరున్నర దాటినా స్పీకర్లు పలకలేదు. ఫోను చేశాను. ఎత్తలేదు.

"ఏమండీ, పిల్ల ఇంకా రాలేదు."

"ల్యాబులో జనం ఉండుంటారు."

"ఫోన్ ఎత్తట్లేదండీ."

"బండి నడుపుతా ఎట్టా ఎత్తుద్దే? ఎత్తితే మళ్ళీ నువ్వే తిడతావు."

అది నిజమే. అయినా దారిలో చిల్లకల్లు దగ్గర ఆగిపోయిన లారీ, రోడ్డు మీద ఒంటి చెప్పు నా కళ్ళకు కట్టినట్టు కనబడ్డాయి. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే ఇంకా బాగా కనబడ్డాయి.

ఏడుకు పది నిమిషాలుందనగా స్పీకర్లు "కనెక్టెడ్" అన్నాయి. "దేవా, నీకు స్తోత్రం" అంటూ గేటు దగ్గరికి పరిగెత్తాను. గేటు బయట బండి లేదు. మనిషీ లేదు. వీధి చివరిదాకా వెళ్ళి చూసి వచ్చాను.

"ఫోను వచ్చింది, పిల్ల రాలేదండీ!"

ఆయన కుర్చీలోంచి లేచారు. ఎవరో దాని ఫోను జేబులో పెట్టుకుని వచ్చి, మాకు ఎలా చెప్పాలో తెలియక ఏ గోడ పక్కనో నిలబడ్డారని నాకు తోచింది. అరుగు మీద కూలబడ్డాను.

అప్పుడు స్పీకర్లలోంచి ఒక అమ్మాయి గొంతు వచ్చింది. దాని ల్యాబులోనే పనిచేసే నీహారిక గొంతది.

"జెరూషా, ఇంటికి చేరావా? మోచేతి కుట్లు తడవనీకు. అన్నం తిన్నాకే మాత్ర వేస్కో. మీ అమ్మగారికి మాత్రం చెప్పమాక. ఉద్యోగం మానిపిస్తారన్నావుగా."

నేను నోరు తెరిచేలోపే అదే మాట మొదటి నుంచి మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకా గట్టిగా.

"ఎక్కడిదండీ ఇది?"

"ఆ పిల్ల పంపిన వాయిసు మనమ్మాయి వింటంది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, వినపడట్లేదని సౌండ్ పెంచి మళ్ళీ మళ్ళీ నొక్కుతంది. మాటేమో మనింటికొస్తంది" అని ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. "ఆ డబ్బా పది గజాలు దాటి పట్టదే. ఇక్కడే ఎక్కడో ఉంది."

మూడోసారికి కిటికీ అద్దాలు గలగలలాడాయి. "మీ అమ్మగారికి మాత్రం చెప్పమాక" అన్న మాట వీధి వీధంతా విన్నది. గోడ అవతల మా పక్కింటి బేబి కేక వినబడింది.

"ఒసేయ్ జెరూషా, ఆపవే! అది మీ ఇంట్లోంచి వస్తందే!"

నేను చెప్పులు కూడా వేసుకోలేదు. బేబి ఇంటి వెనక స్కూటీ ఉంది, మిరపకాయలు ఆరబోసే పట్టా కప్పి. లోపల మంచం మీద జెరూషా. బేబి కూతురి పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంటోంది. మోచేతికి కట్టు.

"తలకి తగిలిందా? వాంతి అయిందా? నా పేరేంటో చెప్పు!"

"సౌభాగ్యమ్మ. ఏడో తరగతి పాసు. భయంలో మాత్రం ఎమ్మే. చాలా?"

దాని తల, పళ్ళు, మోకాళ్ళు అన్నీ తడిమి చూశాను. గదిలో ఆ చివరికి నడిపించి చూశాను. మోచేతి దగ్గర మూడు కుట్లు తప్ప ఇంకేం లేవు.

"నేను మీకు చెప్పమనే అన్నానక్కా" అంది బేబి. "వింటేగా! చొక్కా మార్చుకుని పోతే తెలీదంట."

"ఇసకలో బండి జారిందమ్మా, నందిగామ దాటకముందే. ల్యాబు పక్కన డాక్టరు గారే కుట్టారు."

"మరి ఈ చేత్తో అంత దూరం బండి తోలుకొచ్చావా? బస్సెక్కి రావచ్చుగా?"

జెరూషా తల దించుకుంది. "బస్సులో వస్తే బండి ఏదంటావుగా."

ఆ లారీల మధ్య, కుట్లు వేసిన చేత్తో, ముప్ఫై కిలోమీటర్లు. నేను పెట్టిన షరతే దాన్ని అలా తోలించింది. నేను ఇన్నాళ్ళూ భయపడ్డ లారీ ఏదీ దాని జోలికి రాలేదు. నా భయమే దాన్ని ఆ లారీల మధ్యకు పంపింది. క్షేమంగా వచ్చింది కాబట్టి సరిపోయింది.

"ఉద్యోగం మానమననులే" అన్నాను. "కుట్లు తీసేదాకా బస్సులో పో. కానీ ఏం జరిగినా ముందు నాకు చెప్పు."

"చెప్తే ఏడుస్తావు."

"ఏడుస్తా. ఏడ్చినా సరే చెప్పు."

అది మంచం మీద కాస్త జరిగి నాకు చోటిచ్చింది.

"అయితే ఇంకోటుంది. బండి అద్దం విరిగింది. ముందు లైటు కూడా."

"అద్దమేగా" అన్నాను. బేబి పక్కున నవ్వింది. నేను జెరూషా మంచి చెయ్యి పట్టుకుని కళ్ళు తుడుచుకున్నాను.