దొంగపల్లం

మేయో జిల్లా ఊళ్లలో పొలాల పేర్ల వెనక కథలు సేకరిస్తున్న అమ్మాయి, కొండ కింది పొలాన్ని దొంగపల్లం అని ఎందుకంటారని అడిగింది. గొర్రెలు దొంగిలించి అక్కడ దాచింది తన తాతేనని చెప్పడానికి కోర్మాక్‌కు నోరు రాలేదు. ఆ దొంగ పక్కింటి డీలియా వాళ్ల తాత అని చెప్పేశాడు. ఏడాది తిరిగేసరికి అది పుస్తకంలో అచ్చయింది.

పుస్తకం ఊరికి చేరిన ఆదివారం చర్చి బయట డీలియాను చూసి ఎవరో గొర్రెలా అరిచారు. నలుగురూ నవ్వారు. ఆవిడ తల వంచుకుని వెళ్లిపోయింది. కోర్మాక్ అదంతా చూశాడు. సాయంత్రం టోపీ చేత్తో పట్టుకుని ఆవిడ వంటింటి గడపలో నిలబడ్డాడు.

"డీలియా, ఆ దొంగ మీ తాత కాదు. మా తాత."

"తెలుసు," అంది ఆవిడ, బంగాళదుంపల చెక్కు తీస్తూనే. "పోయినవి మా గొర్రెలేగా. బడిలో నిన్ను ఏడిపిస్తారని మా నాయనమ్మ మమ్మల్ని నోరెత్తనివ్వలేదు."

కోర్మాక్ టోపీ బల్ల మీద పెట్టాడు.

"కూర్చో, టీ పెడతాను."

"ముందు ఆ పుస్తకం రాసిన పిల్లకి ఉత్తరం రాయాలి. కాగితం ఉందా?"

ఆవిడ చేతులు తుడుచుకుని కాగితం తెచ్చింది. తాత పేరు దగ్గర అతని కలం ఆగిపోయింది.

"ఇంటిపేరుతో సహా రాయి," అంది డీలియా. "ఆ పేరున్నవాళ్లు ఊళ్లో ముగ్గురున్నారు."

అతను రాశాడు.