జరిగిపోయిన బావి

పొద్దున్నే పళ్ళు తోముకుని చినబాబు చేసే మొదటి పని, చేనుకి పోయి బావి ఎక్కడుందో చూసుకోవడం. పొందూరు రోడ్డుకి దిగువన, ఎర్రమెట్ట కింద అతని చేను. ఎండలు ముదిరాయంటే ఆ వైపు బావులు ఒకటీ అరా జరుగుతుంటాయి. పలుపు తెంచుకున్న దూడని వెతికినట్టు వెతుక్కుని, మోటారు పైపుకి మరో ముక్క అతికించి, తడి పెట్టుకుంటారు రైతులు.

ఈ ఏడు మాత్రం చినబాబు బావికి ఆగడం అన్నది లేదు. మధ్యాహ్నం జనం కునుకు తీసే వేళ చూసి కదులుతుంది. పాతచోట గుండ్రంగా తడిమట్టి, దాని మీద దిక్కు తెలియని కప్పలు నాలుగు మిగులుతాయి. పోవడం ఎప్పుడూ తూర్పుకే. తూర్పున ఉన్నది ధనరాజ్ చేను. ధనరాజ్ అంటే చినబాబు పెళ్ళాం రాజకుమారికి సొంత అన్న. ఇంకా పైకి పోతే మెట్ట మీద గ్రావెల్ క్వారీ.

క్వారీ మీద చినబాబుకి అనుమానం రాలేదు. గోతిలో ఊరిన నీళ్ళని వాళ్ళు ఇంజన్లు పెట్టి తోడుతూనే ఉంటారు. వాటితో కంకర కడుగుతారు, లారీల దారిలో దుమ్ము లేవకుండా చల్లుతారు, మిగిలినవి ఎర్రగా పక్కనున్న గెడ్డవాగులోకి వదిలేస్తారు. అన్నేసి నీళ్ళు పారబోసేవాడికి ఒకడి బావితో ఏం పని? అందుకే అతని అనుమానమంతా బావమీదే పడింది.

ఒక సాయంత్రం వెళ్ళేసరికి బావి గట్టు దాటి ధనరాజ్ నువ్వుచేలో కూర్చుని ఉంది.

“ఏటెట్టి మరిపించేవు బావా దీన్ని?” అన్నాడు చినబాబు.

ధనరాజ్ కూడా తక్కువ తినలేదు. “నానా? నువ్వే తోలేవు. రేపు బావి నాదీ, దాని సుట్టూ ఉన్న సేనూ నాదే అంటావు. నాకు తెల్దనుకున్నావేటి?”

ఇంటికి వచ్చేసరికి రాజకుమారి గంజి వారుస్తోంది. గుమ్మంలో నిలబడి ఆమెనే చూశాడు. రోజూ మధ్యాహ్నం చేనుకి వచ్చేది ఈమె ఒక్కతే కదా!

“మద్దేనం పూట సేలోకి ఎందుకొస్తన్నావు?”

“నీకు కూడట్టుకొస్తన్నాను. తింటన్నావు కదా.”

“ఒట్టి కూడేనా? ఆ ఎంబడే మీ అన్నకి నీరు తోల్తన్నావా?”

రాజకుమారి గిన్నె దింపి, చేతులు తుడుచుకుని, అతని మొహంలోకి చూసింది. మర్నాడు బట్టలు మూటకట్టుకుని పుట్టింటికి పోయింది. అక్కడ అన్న గుమ్మంలోనే ఆపాడు. “ఏటి సూసి రమ్మన్నాడే మీ ఆయన?” అని అడిగాడు. ఆమె మూట కిందకైనా దించలేదు. పెళ్ళిలో తండ్రి పసుపుకుంకాల కింద రాసిచ్చిన నేలచెక్క ఒకటుంది, అన్న చేనుకీ క్వారీకీ మధ్య. ఏనాడూ నాగలి చూడని బీడు. అందులో తాటాకులతో పాక వేసుకుని ఉండిపోయింది.

బావి ఆమె పాక పక్కనించే మెట్టెక్కింది. ‘అనుకున్నాను’ అనుకున్నాడు చినబాబు. కానీ అది అక్కడా ఆగలేదు. క్వారీ అంచు దాటి, తిన్నగా గోతి అడుక్కి దిగి కూర్చుంది.

అప్పుడొచ్చాడు ఊళ్ళోకి క్వారీ మేనేజరు రమేష్‌బాబు, జీపు తలుపు దబాలున వేసి. “మా గోతిలోకి బావిని తోసిందెవరు?” ఎన్ని ఇంజన్లు పెట్టినా నీళ్ళు దిగడం లేదు. తవ్వే యంత్రం సగానికి మునిగింది. లారీలు వరసకట్టి నిలబడ్డాయి. ఊరంతా ఏకమై తన పొట్ట కొట్టిందని అతని నమ్మకం. ఊళ్ళోవాళ్ళు మాత్రం ఒకరినొకరు ఓరగా చూసుకున్నారు.

ఆ మధ్యాహ్నమే రాజకుమారి క్వారీ వైపు వెళ్ళడం చినబాబు కంటపడింది. చెప్పులు విడిచి, వెనకాలే వెళ్ళి, కంకర గుట్ట చాటున నక్కాడు.

“మేనేజరు బాబూ, బావిని ఎవులూ తొయ్యనేదు,” అంటోంది ఆమె. “నీరెటెల్తే అదీ అటే ఎల్తాది. ఊరి కింద నీరంతా ఈ గోతిలోకి లాగి గెడ్డలో పారబోస్తన్నారు. పాపం, అది ఎనకాలే వొచ్చింది. ఆ నీరు తిరిగి నేలలోకి ఇంకించండి, అదీ తిరిగెల్తాది.”

రమేష్‌బాబు మునిగిన యంత్రం వైపు చూశాడు. “కడిగిన నీళ్ళు తేర్చి మళ్ళీ వాడుకోవాలని నాకు తెలీదా అమ్మా? మడుగు తవ్వించాను కూడా. గెడ్డలోకి వదిలేస్తే సులువని...” అని ఆగిపోయాడు. మళ్ళీ అనుమానంగా చూశాడు. “ఊట నీళ్ళు కిందకి ఇంకిస్తే బావి నిజంగా పోతుందా? అసలు నీకెందుకింత ఆత్రం? బావి నీదా?”

‘మా అన్నది’ అంటుంది చూడు, అనుకున్నాడు చినబాబు.

“నాది కాదు బాబూ. మా ఆయనది. అది ఇంటికెల్తే నామీద పడ్డ మాట పోతాది.”

కంకర మోకాళ్ళలో గుచ్చుకుంటున్నా చినబాబు కదల్లేకపోయాడు. ఆమె వెళ్ళిపోయాక లేచి, చెప్పులు ఎక్కడ విడిచాడో కూడా మరిచిపోయి ఇల్లు చేరాడు.

గెడ్డలోకి నీళ్ళు పడడం ఆగింది. కంకర కడిగిన నీళ్ళు మడుగులో తేరి మళ్ళీ కంకరకే పోతున్నాయి. ఊట నీళ్ళని కాలవ తీసి మెట్ట వాలులో ఇంకుడు గోతులకి మళ్ళించారు. బావి తొందరపడలేదు. నీళ్ళు నేలలోకి దిగినకొద్దీ ఒక్కొక్క మధ్యాహ్నమే జరుగుతూ గోతిలోంచి పైకొచ్చింది. చినబాబు పాతచోట తుప్పలు కొట్టి, బాగుచేసి ఎదురుచూశాడు. వచ్చింది, వచ్చింది, రాజకుమారి బీడులో ఆగింది. తొలకరి పడింది. తొలకరి నాటికి ఎవరి నేలలో ఉంటే బావి వాళ్ళదే, అది ఊరి కట్టుబాటు. ధనరాజ్ వచ్చి ఒరలోకి తొంగిచూసి, చెల్లెలితో మాట కలపబోయి, కలపలేక వెళ్ళిపోయాడు.

వానలు వారం తిరక్కుండా మొహం చాటేశాయి. బీడులో వంగ నారు పచ్చగా లేచింది. చినబాబు రెండు బిందెలు పట్టుకుని వెళ్ళి గట్టు మీద నిలబడ్డాడు. రాజకుమారి చేద పైకి లాగి ఒరమీద పెట్టింది. వేసవంతా అతను అందర్నీ ఎలా చూశాడో, సరిగ్గా అలాగే కాలినించి తలదాకా చూసింది.

“నీళ్ళకొచ్చేవా మావా, నాకోసమొచ్చేవా?”

“నీకోసమే,” అన్నాడు. ఆ మాట అతని చెవికే అబద్ధంలా వినిపించింది.

“అయితే ఆ బిందెలు ఇంటికాడ ఎట్టేసి, ఒట్టి సేతుల్తో రా. అప్పుడు సూద్దాం.”

చినబాబు రెండు బిందెలూ ఎత్తుకుని, ఆ ఎండలో, ఇంటిదారి పట్టాడు.